ఐడీఏ (పారిశ్రామికవాడ) స్థలాల్లో అపార్ట్‌మెంట్లు వస్తున్నాయి సరే, కింద మట్టి సంగతేంటి?

చింతల్_చిన్నోడు

అందరికీ నమస్కారం. మేం హైదరాబాద్‌లో చింతల్‌లో అద్దెకుంటాం. నేనూ మా ఆవిడా ఇద్దరం బాలానగర్, జీడిమెట్ల చుట్టుపక్కలే ఉద్యోగాలు చేస్తున్నాం. సొంతిల్లు చూద్దామంటే మా బడ్జెట్‌లో దొరికేవన్నీ ఔటర్ రింగ్ రోడ్డు అవతలే. ఈ మధ్య తెలిసినాయన ఒకరు ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే బుకింగ్) ఆఫర్ తెచ్చారు. మూతపడిన ఫ్యాక్టరీ స్థలం, మా ఆఫీసులకు పది నిమిషాలు. పాత పారిశ్రామిక స్థలాల వాడకం మార్చుకోనిచ్చే తెలంగాణ ప్రభుత్వ హిల్ట్ పాలసీ కింద రెసిడెన్షియల్‌కి మారుతుందట. రేటు వింటే నమ్మబుద్ధి కాలేదు.

వెళ్లి చూశాను. షెడ్లు కూల్చేశారు, గచ్చు మాత్రం అలాగే వదిలేశారు. స్థలమంతా మోకాలెత్తు పిచ్చిమొక్కలే. వెనకవైపు ఒక మూల మాత్రం బోడిగా ఉంది, గడ్డిపరక కూడా మొలవలేదు. అక్కడ ఏముండేదని వాచ్‌మన్‌ని అడిగితే "ఏదో ట్యాంకు ఉండె సార్" అన్నాడు.

నా ప్రశ్న ఒక్కటే. ఇలాంటి చోట ఇల్లు కట్టేముందు మట్టిని ఎవరైనా పరీక్ష చేస్తారా? చేయాలని రూలు ఉందా? మా పాపకి మూడేళ్లు, అందుకే టెన్షన్.

బేరం_భాస్కర్

బ్రదర్, పదిహేనేళ్లుగా ఈ ఏరియాలోనే ప్లాట్లు, ఫ్లాట్లు చూపిస్తున్నా. పాత ఫ్యాక్టరీ స్థలాల్లో కట్టినవి సనత్‌నగర్, కూకట్‌పల్లి వైపు ఎన్ని లేవు? జనం హాయిగా ఉంటున్నారు. తాగేది మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు. బోరు నీళ్లు బాత్రూముకే. కింద రెండు సెల్లార్లు, పైన స్లాబు. మీరుండేది ఆరో అంతస్తులో. మట్టితో మీకేం పని? గడ్డి మొలవలేదని ఇల్లు వదులుకుంటారా?

ఇంకొకటి. హిల్ట్ అంటే చిన్న విషయం కాదు. ఔటర్ లోపలా, దాన్ని ఆనుకునీ ఉన్న పారిశ్రామికవాడల్లో దాదాపు 9,292 ఎకరాలు. ఇప్పుడు అందుకోకపోతే తర్వాత రేటు మీకు అందదు.

మట్టి_పరీక్ష

చిన్నోడు గారూ, చాలామంది అడగాల్సిన ప్రశ్న అడిగారు. నా వృత్తి ఇదే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

బిల్డర్‌ని "సాయిల్ టెస్ట్ చేశారా" అని అడిగితే "చేశాం సార్" అని ఒక రిపోర్టు చేతిలో పెడతాడు. అబద్ధం కాదు, చేసే ఉంటాడు. కానీ అది ఎస్‌బీసీ రిపోర్టు, అంటే నేల ఎంత బరువు మోస్తుందన్న లెక్క. పునాది ఎంత లోతు తవ్వాలో చెబుతుంది. సీసం ఎంతుంది, క్రోమియం ఎంతుంది, సాల్వెంట్లు (కరిగించే రసాయనాలు) ఉన్నాయా అన్న ఊసే ఉండదు. రసాయన పరీక్ష వేరు, దానికి ల్యాబు వేరు, మట్టి తీసే పద్ధతీ వేరే. ఎస్‌బీసీకి నాలుగు బోర్లు వేస్తే సరిపోవచ్చు. కాలుష్యం వెతకాలంటే ముందు ఆ ఫ్యాక్టరీలో ఏ పని ఎక్కడ జరిగిందో తెలియాలి. డ్రమ్ములు పెట్టిన చోటు, వ్యర్థజలం గుంట, బాయిలర్ బూడిద పోసిన చోటు, పాత ఆయిల్ ట్యాంకు. ఇవేవీ చూడకుండా స్థలం మధ్యలో నాలుగు బోర్లు వేసి "అంతా క్లీన్" అనడం చాలా తేలిక.

భాస్కర్ గారు ఆరో అంతస్తు అన్నారు. మూడు విషయాలు వదిలేశారు.

మొదటిది ఆవిరి. మెషిన్ షాపుల్లో గ్రీజు కడగడానికి ట్రైక్లోరోఇథిలీన్ లాంటివి వాడేవాళ్లు. మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ యూనిట్లలో ఎన్నో రకాల సాల్వెంట్లు. ఇవి భూమిలోకి దిగితే ఆవిరై, స్లాబు పగుళ్లలోంచి, పైపులు దిగే సందుల్లోంచి మళ్లీ పైకొస్తాయి. అమెరికాలో ఇలాంటి చోట కట్టేటప్పుడు స్లాబు కింద ప్రత్యేకమైన పొర పరిచి, గాలి బయటికి పోయే గొట్టాలు పెడతారు. మన దగ్గర సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం కాపురముంటుంది. ఆరో అంతస్తు లెక్క వాళ్లకు వర్తించదు.

రెండోది నీళ్లు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. పైన కొంత మొరం, దాని కింద పగుళ్లున్న రాయి. కాలుష్యం ఒకసారి ఆ పగుళ్లలోకి దిగితే ఎటు పోతుందో చెప్పడం కష్టం. మట్టినైనా తవ్వి తీయొచ్చు, రాతి పగుళ్లలో నీటిని శుభ్రం చేయడం అంతకంటే ఎన్నో రెట్లు కష్టం. ఏప్రిల్, మేలో ట్యాంకర్ దొరకని రోజు బోరు నీళ్లు బాత్రూముకే పరిమితమవుతాయా?

మూడోది నన్ను బాగా బాధపెట్టేది. రెండు, మూడు సెల్లార్లు తవ్వితే స్థలంలోని చెడ్డ మట్టి చాలావరకు దానంతటదే బయటికి వెళ్లిపోతుంది. మీ ఫ్లాటుకి ఒకరకంగా అది మంచిదే. మరి ఆ టిప్పర్లు రాత్రిపూట ఎక్కడికి వెళ్తున్నాయి? ఎవరి ప్లాటు చదును చేయడానికి, ఏ కుంట పూడ్చడానికి? ప్రమాదకర వ్యర్థమని తేలిన మట్టి దుండిగల్‌లోని ట్రీట్‌మెంట్ కేంద్రానికి వెళ్లాలి. పరీక్షే చేయకపోతే అది మామూలు మట్టి కిందే లెక్క. లోడు ఇంత అని అమ్ముకుంటారు కూడా. సెల్లార్‌లో ఊరిన నీటిని మోటారు పెట్టి నాలాలోకి తోడేస్తారు. దాన్నీ ఎవరూ చూడరు.

కాటేదాన్_కోడలు

పెళ్లయి వచ్చినప్పటి నుంచి కాటేదాన్ దగ్గరే మా కాపురం. మట్టి సంగతి మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బ్యాటరీలు, లోహాలకు పూత వేసే ప్లేటింగ్, నూనె మిల్లులు, ప్లాస్టిక్, అన్నీ పక్కపక్కనే. వర్షం పడితే మా గల్లీలో పారే నీళ్ల రంగును బట్టి ఎవరు ఏం వదిలారో మా అత్తగారు చెప్పేసేవారు.

మా మరిది ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ల పేపరు ఒకటి తెచ్చి చూపించాడు, 2008లో వచ్చింది. కాటేదాన్ పారిశ్రామికవాడలోనూ, దిగువన ఉన్న ఇళ్ల మధ్యలోనూ మట్టి తీసి పరీక్షించారు. ఫ్యాక్టరీలున్న చోట చాలావరకు ఆర్సెనిక్, సీసం, జింకు బాగా ఎక్కువ. కొన్ని చోట్ల క్రోమియం, రాగి, నికెల్. ఇళ్ల దగ్గర కూడా ఆర్సెనిక్. ఇళ్ల దగ్గరిది గాలికో వానకో కొట్టుకొచ్చింది కాకపోవచ్చు, అక్కడే తెచ్చి పారబోసిన వ్యర్థం వల్ల కావచ్చని రాశారు. మట్టి_పరీక్ష గారు చెప్పిన టిప్పర్ల కథే ఇదీ.

అందులో నాకు వింతగా అనిపించినది ఇంకోటుంది. ఎంత ఉంటే ఎక్కువ అని తేల్చడానికి వాళ్లు కెనడా ప్రమాణాలతో పోల్చుకున్నారు. మన మట్టికి మన కొలత లేదన్నమాట!

నూర్ మహమ్మద్ కుంటను బాగుచేస్తామని ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నప్పుడు ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టులో పైలట్‌గా ఎంచుకున్నారు. ఇప్పటికీ అటు వెళ్తే ముక్కు మూసుకోవాల్సిందే.

బేరం_భాస్కర్

అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ లెక్క కూడా చూడండి. ఈ పరీక్షలు, మట్టి తవ్వి దుండిగల్ పంపడాలు, కింద పొరలు, ఇవన్నీ పెడితే చదరపు అడుగు రేటు ఎంతవుతుంది? ఆ ఖర్చు కొనేవాడి నెత్తినే పడుతుంది. అప్పుడు చిన్నోడు లాంటివాళ్లు మళ్లీ ఔటర్ అవతలికే.

నగరం అంచున కొల్లూరులో ప్రభుత్వం పేదలకు కట్టిన ఇళ్లు చూశారుగా. 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఒక్కచోట కట్టి 2023లో ప్రారంభించారు. ఇళ్లు బాగున్నాయి, ఎవరూ కాదనరు. కానీ సిటీలో నాలుగిళ్లలో పని చేసుకునే మనిషి అక్కడి నుంచి రోజూ ఎలా వస్తుంది? ఎన్నో ఫ్లాట్లకు తాళాలు, ఎన్నో అద్దెకు. పేదవాళ్లకు, మధ్యతరగతికి సిటీ మధ్యలో స్థలం మిగిలింది ఈ ఐడీఏల్లోనే. దానికీ మీరు అడ్డుపుల్ల వేస్తే ఎలా?

మట్టి_పరీక్ష

భాస్కర్ గారూ, ఈ మాట మాత్రం నిజం, ఒప్పుకుంటున్నా. పని దగ్గర ఇల్లు కావాలంటే ఈ స్థలాలే దిక్కు. కట్టొద్దని నేనూ అనడం లేదు. శుభ్రం చేసి కట్టమంటున్నా.

ఖర్చు కొనేవాడి మీద పడుతుందన్నది మాత్రం సగం నిజమే. పరీక్ష ఎప్పుడు చేశారన్న దాన్నిబట్టి ఉంటుంది. స్థలం బేరం కుదరకముందే చేస్తే, శుభ్రం చేసే ఖర్చు స్థలం ధరలోంచి తగ్గుతుంది. అమ్మేవాడే భరించినట్టు. బేరం అయ్యాక, ఫ్లాట్లు బుక్ అయ్యాక బయటపడితే రెండిటిలో ఒకటి జరుగుతుంది: రేటు పెరుగుతుంది, లేదా విషయం మట్టిలోనే కప్పేస్తారు. రెండోదే ఎక్కువ.

జెర్సీ_మూర్తి

కొన్నాళ్లుగా చదవడమే కానీ రాయలేదు, ఈ టాపిక్ చూసి ఆగలేకపోయాను. నేనుండేది న్యూజెర్సీలో, జెర్సీ సిటీలో. ఇండియా స్క్వేర్‌కి కూరగాయలకు వచ్చే మనవాళ్లు అందరికీ తెలిసిన ఊరే. భాస్కర్ గారి ప్రశ్నకు ఇక్కడ ఒక జవాబుంది. అంత సుఖమైన జవాబు కాదులెండి.

ఇక్కడ 1895 నుంచి 1954 దాకా ఒక క్రోమేట్ ఫ్యాక్టరీ నడిచింది. ఖనిజం నుంచి క్రోమియం తీశాక మిగిలిన పిప్పి దాదాపు 15 లక్షల టన్నులు హాకెన్‌సాక్ నది ఒడ్డున చిత్తడి నేలలో పోశారు. తర్వాత దాని మీదే షాపులు, డ్రైవ్-ఇన్ సినిమా హాలు వచ్చాయి. అప్పట్లో ఈ పిప్పిని చవగ్గా దొరికే ఫిల్లింగ్ మట్టి అనుకుని కౌంటీ (జిల్లా) అంతటా ఇళ్ల కింద, రోడ్ల కింద కూడా వాడేశారు. ఏళ్ల తర్వాత కొన్ని బేస్‌మెంట్ గోడల మీద పచ్చటి పసుపు రంగు స్ఫటికాలు పొడిలా తేలాయి. అది క్రోమ్ సిక్స్. పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం.

నది ఒడ్డు స్థలం చేతులు మారుతూ హనీవెల్ కంపెనీకి చేరింది. పైన ప్లాస్టిక్ పొర, తారు వేసి కప్పేద్దామన్నది వాళ్ల వాదన. కానీ ఆ పిప్పికి ఉబ్బే గుణం ఉంది. వేసిన తారు కిందనుంచి పొంగి పగిలింది. స్థానిక చర్చిల సంఘం 1995లో కేసు వేసింది. 2003లో ఫెడరల్ జడ్జి మొత్తం తవ్వి తీయాల్సిందేనన్నారు. 2005లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. అప్పటి అంచనా 40 కోట్ల డాలర్ల పైమాటే. కట్టింది కంపెనీ.

ఇక్కడిదాకా పర్యావరణ కథ. ఇళ్ల కథ 2018లో మొదలైంది. దాని పక్క స్థలాలతో కలిపి దాదాపు 100 ఎకరాలు, పేరు బేఫ్రంట్. కంపెనీ వాటాను నగర ప్రభుత్వం 10 కోట్ల డాలర్లకు కొనేసింది. ఎందుకంటే స్థలం తన చేతిలో ఉంటేనే బిల్డర్లకు షరతు పెట్టగలదు. ఆ షరతు ఏంటంటే, కట్టే ఇళ్లలో 35 శాతం తక్కువ ఆదాయం వాళ్లకు అందుబాటు అద్దెకు ఇవ్వాలి. మొత్తం 8,000 ఇళ్ల దాకా ప్లాను, దశలవారీగా.

కేసు వేసినప్పటి నుంచి లెక్కేస్తే ఎంత కాలం పట్టిందో చూడండి. పిల్లలుగా ఉన్నప్పుడు మొదలైతే వాళ్లే ఉద్యోగాలకొచ్చి ఇల్లు వెతుక్కునేంత. అయినా మురికి చేసినవాడి ఖర్చుతో తవ్వకం, స్థలం ప్రభుత్వం చేతికి, ఇళ్లలో వాటా ముందే రాసి పెట్టడం, ఈ మూడూ కుదిరాయి కాబట్టి పేదవాడి ఇల్లు శుభ్రమైన నేల మీద వస్తోంది. హిల్ట్‌లో ఈ మూడింటిలో ఏది ఉందో ఎవరైనా చెప్పండి.

లాయరమ్మ

మూర్తి గారి ప్రశ్నకు నాకు తెలిసినంతలో చెబుతాను.

హిల్ట్‌లో స్థలం ప్రభుత్వం చేతికి రాదు, ఓనర్ దగ్గరే ఉంటుంది. వాడకం మార్చుకోవడానికి ఓనర్ ఫీజు కడతాడు. రోడ్డు వెడల్పును బట్టి సబ్‌రిజిస్ట్రార్ (ప్రభుత్వం నిర్ణయించిన) విలువలో 30 శాతం, 80 అడుగులకు మించిన రోడ్డు పక్కనైతే 50 శాతం. దీని మీద రాజకీయ గొడవ ఎంత జరిగిందో మీరంతా టీవీల్లో చూశారు. ఆ గొడవంతా ఫీజు తక్కువా, ఎక్కువా, ఎవరికి లాభం అన్న దాని మీదే. మట్టి గురించి మాట్లాడినవాళ్లు బహుకొద్దిమంది.

మట్టికి సంబంధించి కేంద్రం 2025 జులైలో కాలుష్య స్థలాల నిర్వహణకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. పర్యావరణ పరిరక్షణ చట్టం కిందివి. పద్ధతి ఇలా ఉంటుంది: స్థానిక సంస్థ గానీ జిల్లా యంత్రాంగం గానీ అనుమానమున్న స్థలాల జాబితా ఆరు నెలలకోసారి ఇవ్వాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరీక్ష, ఆ తర్వాత ఇంకో మూడు నెలల్లో వివరమైన పరీక్ష చేయించాలి. కాలుష్యం ఉందని తేలితే బాధ్యులెవరో గుర్తించి ఖర్చు వాళ్ల నుంచి రాబట్టాలి. అణుధార్మిక వ్యర్థాలు, గనులు, మున్సిపల్ చెత్తకుప్పలు దీని కిందికి రావు, వాటికి వేరే చట్టాలున్నాయి.

వినడానికి బాగుంది కదా? దేశం మొత్తం మీద గుర్తించిన కాలుష్య స్థలాలు 103. ఈ నిబంధనలు వచ్చేనాటికి శుద్ధి పనులు మొదలైనవి ఏడు. ఎవరో ఒకరు జాబితాలో చేర్చితేనే ప్రక్రియ కదులుతుంది. వాడకం మార్చడానికి దరఖాస్తు పెట్టగానే మట్టి పరీక్ష తప్పనిసరి అన్న లంకె నాకు ఎక్కడా కనబడలేదు. ఉండాల్సింది ఆ లంకె.

"కంపెనీ నుంచి రాబట్టడం" గురించి కూడా ఆశలు పెద్దగా పెట్టుకోకండి. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్ఛ్రీ అనే ఊరుంది. 1980ల చివర్లో రంగుల తయారీకి వాడే హెచ్-యాసిడ్ ఫ్యాక్టరీల వల్ల బావుల్లో నీళ్లు నల్లబడ్డాయి. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలని 1996లో సుప్రీంకోర్టు గొప్ప తీర్పు ఇచ్చింది. లా కాలేజీల్లో అందరం చదువుకున్నదే. శుద్ధికి కట్టాల్సిన దాదాపు 37 కోట్ల రూపాయలు మాత్రం కంపెనీ ఏళ్ల తరబడి కట్టలేదు. 2011లో చక్రవడ్డీతో కట్టమని కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఇక భోపాల్‌లో ఫ్యాక్టరీ ఆవరణలో నిల్వ ఉన్న 337 టన్నుల వ్యర్థాన్ని పీథంపూర్ తరలించి కాల్చడం పూర్తయింది 2025లో. 1984 ప్రమాదం, 2025! అదీ నిల్వ ఉన్నదే, మట్టిలో ఇంకిందాని సంగతి అలాగే ఉంది.

ప్లేటింగ్_పెద్దాయన

మనవడు ఫోన్లో టైపు చేసి పెడుతున్నాడు, తప్పులుంటే వాడివే.

బాలానగర్‌లో క్రోమ్ ప్లేటింగ్ షాపుల్లో ఎక్కువ కాలం పనిచేసిన. మీరు చెప్పే పరీక్షలు నాకు తెల్వదు గానీ మట్టి ఎక్కడ చెడిపోతదో మాకు తెలుసు. తొట్లు వరసగా ఉంటయి: ఆసిడ్ తొట్టి, నీళ్ల తొట్టి, నికెల్, మళ్లీ నీళ్లు, క్రోమ్. వస్తువు కొక్కేనికి తగిలించి ఒక తొట్ల నుంచి తీసి ఇంకో తొట్ల ముంచుతం. ఆ మధ్యల కారే చుక్కలున్నయి చూడు, రోజంతా, ఏండ్లకేండ్లు, అన్నీ కింద నేల మీదనే. గచ్చు మీద ఆసిడ్ ఇటుకలు పరిచేటోళ్లు. రెండేండ్లకు వాటి సందుల సిమెంటు తినేసేది. అప్పుడు కింద మట్టి పచ్చగా, నారింజ రంగుల కనబడేది. ఓనరు పైన ఇంకో పొర గచ్చు పోయించేవాడు. మీరు చూసిన గచ్చు కింద ఎన్ని పొరలున్నయో.

కడిగిన నీళ్లకు వెనక సోక్ పిట్. పెద్ద గుంట, లోపల కంకర. నిండితే పక్కన ఇంకోటి. చిన్నోడు బాబు చూసిన బోడి మూల అట్లాంటిదే అయుండొచ్చు. మా చేతులకు పుండ్లు, నా ముక్కు లోపలి గోడకు రంధ్రం పడ్డది, నాతోని చేసినోళ్లలో చాలామందికి అంతే. ఓనర్లు చెడ్డోళ్లు అని కాదు, అందరూ అట్లనే నడిపేటోళ్లు.

ఏ షెడ్డుల ఏ తొట్టి ఎక్కడ ఉండెనో మా తరం వాళ్లని అడిగితే చెప్తరు. ఎవరూ అడగరు.

మట్టి_పరీక్ష

పెద్దాయన గారూ, మీకు చేతులెత్తి నమస్కారం. కాలుష్య స్థలం పరిశీలనలో మొదటి మెట్టు కాగితాలూ మనుషులే. స్థలంలో పనిచేసినవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడాలని ఏ పద్ధతి పుస్తకంలోనైనా ఉంటుంది. నేను చూసిన రిపోర్టుల్లో ఆ పేజీ సాధారణంగా ఖాళీ.

మీరు చెప్పిన రంగు గురించి ఒక మాట. క్రోమియం రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి నీళ్లలో పెద్దగా కరగదు, అంత హానీ చేయదు. ఇంకోటి మూర్తి గారు చెప్పిన క్రోమ్ సిక్స్, నీళ్లలో సులువుగా కరిగి దూరం పోతుంది. ఫెర్రస్ సల్ఫేట్ లాంటివి కలిపి రెండోదాన్ని మొదటి రూపంలోకి మార్చవచ్చు. అందుకని ప్రతి చోటా మొత్తం తవ్వి పారేయాల్సిన పని లేదు, కొన్ని చోట్ల అక్కడికక్కడే శుద్ధి చేయొచ్చు. సీసం అలా కాదు. అది సాధారణంగా పెద్దగా కదలదు, విరిగి పోదు. చాలావరకు పైన ఉన్న అడుగు మట్టిలోనే ఉండిపోతుంది. పిల్లలు ఆడుకునేదీ, చేతులు నోట్లో పెట్టుకునేదీ ఆ అడుగులోనే. పాత బ్యాటరీ షెడ్ల స్థలంలో అన్నిటికంటే ముందు సీసం చూడాలి.

అందుకే "మొత్తం మీద ఎంత ఖర్చవుతుంది" అన్న ప్రశ్నకు జవాబు లేదు. ప్రతి స్థలం వేరు. రెడీమేడ్ షర్టులు కుట్టిన షెడ్డూ, ప్లేటింగ్ షెడ్డూ ఒకే ఐడీఏలో పక్కపక్కనే ఉండొచ్చు. మొదటిదానికి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాకపోవచ్చు.

గోదారి_గట్టు

లండన్‌లో ఒలింపిక్స్ పార్కు ఇలాగే పాత ఫ్యాక్టరీల నేల మీదే కట్టారు కదా? మట్టిని కడిగి మళ్లీ అక్కడే వాడారని చదివాను. ఆటగాళ్ల ఇళ్లను తర్వాత 2,818 ఫ్లాట్లుగా మార్చి అందులో దాదాపు సగం అందుబాటు ధరకు ఇచ్చారు. అంటే చేయొచ్చు.

జెర్సీ_మూర్తి

చేయొచ్చు గోదారి గారూ. కానీ అక్కడ ఒలింపిక్స్ తేదీ మెడ మీద కత్తిలా ఉంది, డబ్బు ప్రభుత్వానిది, స్థలం మొత్తం ఒక్క సంస్థ చేతిలో. మన దగ్గర ఒక్కో ఎకరం ఒక్కో ఓనర్. ఒకడు శుభ్రం చేసినా పక్కవాడి సోక్ పిట్ నీళ్లు గోడ కిందనుంచి వస్తాయి. అందుకే ప్లాటు ప్లాటుగా కాకుండా ఎస్టేట్ మొత్తానికీ కలిపి మట్టి, భూగర్భజలాల మ్యాపు ముందు తయారుచేయాలని నా అభిప్రాయం.

బేరం_భాస్కర్

ఆ మ్యాపుకి డబ్బులెవరిస్తారండీ? ప్రతివాడూ సలహా ఇస్తాడు, చెక్కు మాత్రం ఎవడూ రాయడు.

లాయరమ్మ

చెక్కు ఇప్పటికే రాస్తున్నారు కదా భాస్కర్ గారూ, ఆ 30 శాతం, 50 శాతం! వాడకం మార్పు ఫీజు ఖజానాలో కలిసిపోకుండా అందులో కొంత భాగం ఆ ఎస్టేట్ పేరుతోనే విడిగా పెట్టాలి. దాంతో మ్యాపు, పరీక్షలు. మురికి తేలిన స్థలానికి శుద్ధి ఖర్చు మేర ఓనర్‌కి ఫీజులో తగ్గింపు ఇవ్వొచ్చు. తగ్గింపు తీసుకున్నవాడు ఇన్ని ఫ్లాట్లు చిన్న ఆదాయాల వాళ్లకు అని రాసివ్వాలి. తగ్గింపు వద్దనుకున్నవాడు సొంత డబ్బుతో శుద్ధి చేసుకుంటాడు. రెండూ వద్దంటే వాడకం మార్పూ వద్దు. మూర్తి గారి ఊళ్లో స్థలం కొని పెట్టిన షరతుని మనం ఫీజు ద్వారా పెట్టొచ్చు. ఇది నా ఊహే, పాలసీలో ఉందని అనుకోకండి.

మోడరేటర్

హిల్ట్ మీద పార్టీల గొడవకు వేరే చర్చ ఉంది. ఇక్కడ మూడు పోస్టులు తీసేశాను. మట్టి మీదే మాట్లాడండి.

చింతల్_చిన్నోడు

అందరికీ థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. బిల్డర్ ఆఫీసుకి ఫోన్ చేసి మట్టి రిపోర్టు అడిగాను. పీడీఎఫ్ పంపారు. మట్టి_పరీక్ష గారు చెప్పినట్టే అది ఎస్‌బీసీ రిపోర్టే. రసాయన పరీక్ష అడిగితే ఆ అమ్మాయి "సార్, వాటర్ టెస్ట్ కావాలా?" అంది. కాదు మట్టికి అన్నాను. మేనేజర్‌తో మాట్లాడి చెబుతానంది. తర్వాత ఫోన్ ఆ బ్రోకర్ దగ్గర్నుంచి వచ్చింది: "ఇన్ని ప్రశ్నలు వేస్తే ఈ రేటుకి ఇవ్వరు సార్."

మా ఆవిడ మాత్రం వదులుకోవడానికి ఒప్పుకోవడం లేదు. స్థలం అంత దగ్గర. అసలు నేను ఏం అడగాలో, ఎక్కడ అడగాలో ఎవరైనా వరసగా చెబుతారా?

లాయరమ్మ

ముందు డబ్బు సంగతి. రేరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ప్రీలాంచ్‌లో డబ్బు తీసుకోవడమే చట్టవిరుద్ధం. నంబరు వచ్చాక కూడా అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. వాడకం మార్పు ఇంకా అవ్వని స్థలానికి ఇప్పుడు లక్ష ఇచ్చినా అది మీ రిస్కే. మట్టి బాగున్నా ఇదే మాట చెబుతాను.

రెండోది, లింక్ డాక్యుమెంట్లు, అంటే స్థలం పాత యాజమాన్య పత్రాలు, అడగండి. అందులో పాత కంపెనీ పేరు ఉంటుంది. ఆ పేరుతో కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఆ యూనిట్‌కి ఇచ్చిన సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ అనుమతులు (ఫ్యాక్టరీ పెట్టడానికి, నడపడానికి ఇచ్చేవి), ఇచ్చిన నోటీసులు, తనిఖీ నివేదికల కాపీలు కావాలని రాయండి. వాళ్లు ఏం తయారుచేశారు, ఏ ముడిసరుకు వాడారు, వ్యర్థజలం ఎంత, ప్రమాదకర వ్యర్థం ఏది అన్నది అందులో ఉంటుంది. దరఖాస్తు ఫీజు పది రూపాయలు. ఇంత సమాచారం ఇంత చవగ్గా ఇంకెక్కడా దొరకదు.

మట్టి_పరీక్ష

సీఎఫ్‌ఓ కాపీ వస్తే ఇక్కడ పెట్టండి, కంపెనీ పేరు చెరిపేసి. ఏ పరీక్షలు అడగాలో చెబుతాను. ప్లేటింగ్ అయితే మొత్తం క్రోమియంతో పాటు క్రోమ్ సిక్స్ విడిగా, నికెల్, సయనైడ్. బ్యాటరీ అయితే సీసం, ఆర్సెనిక్, కాడ్మియం. బల్క్ డ్రగ్ అయితే సాల్వెంట్లు. వాటికి మట్టి గాలి తగలకుండా సీసాలో తీయాలి, లేకపోతే ల్యాబుకి చేరేలోపే ఆవిరైపోయి రిపోర్టులో సున్నా వస్తుంది. ఆ సున్నాలు చాలా చూశాను. ఇంకా సెల్లార్ మట్టి ఎక్కడికి పంపుతారో రాతపూర్వకంగా అడగండి. ఈ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చిన బిల్డర్ ఇంతవరకు నాకు తగల్లేదు, మీకు తగిలితే మాకూ చెప్పండి.

కాటేదాన్_కోడలు

చిన్నోడు గారూ, మీ పాప కోసం అడుగుతున్నారు, మంచిదే. ఆ టిప్పర్ల మట్టి మా వైపు రాకుండా కూడా చూడండి, పుణ్యముంటుంది.

బేరం_భాస్కర్

సరే, ఒక మాట చెబుతా. నా దగ్గర ఇదే పాలసీలో వచ్చే స్థలాలు ఇంకో రెండున్నాయి. ఒకటి గార్మెంట్స్ షెడ్డు, ఇంకోటి పాత ఫౌండ్రీ (లోహం పోతపోసే చోటు). లాయరమ్మ గారు చెప్పిన దరఖాస్తు ఈ రెండిటికీ నేనే పెడతా, ఓనర్లు నాకు తెలిసినవాళ్లే. గార్మెంట్స్‌ది క్లీన్‌గా వస్తే "మట్టి పరీక్ష చేసిన స్థలం" అని బోర్డు కట్టి అమ్ముతా. అలా ఇప్పటిదాకా ఎవడూ అమ్మలేదు. ఫౌండ్రీ సంగతి ఏం చేయాలో పెద్దాయన గారు చెప్పాలి, ఆయనకి ఫౌండ్రీ తెలుసా?

ప్లేటింగ్_పెద్దాయన

ఫౌండ్రీ నాకు తెల్వదు. నా దోస్తు ఒకడు మోల్డింగ్‌ల చేసిండు, మౌలాలిల ఉంటడు. ఆదివారం పొద్దున తీస్కపోతా, బండి మాత్రం మీరే పంపాలె.